తప్పెట ఆగిన తర్వాత

మా తాత తప్పెట మీద మూడు దెబ్బలు కొట్టి ఆపేవాడు. ఆపగానే మాట చెప్పేవాడు కాదు. తలుపులు తెరుచుకునేదాకా, పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు కొంగుకు చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చేదాకా నిలబడి ఉండేవాడు. అప్పుడు ఒకే ఒక్క సంగతి చెప్పేవాడు.

“ఇనండప్పా ఇనండి! రేపు పొద్దున బడికాడికి టీకాలాయప్ప వస్తాడు. చంటిబిడ్డలుండే తల్లులు చేన్లకు పోవద్దండి!”

అంతే. రెండో సంగతి ఉంటే దానికి సాయంత్రం మళ్లీ బయల్దేరేవాడు. రెండు మాటలు ఒకేసారి చెబితే ఇంట్లోకి పోయేసరికి అవి కలిసి మూడో మాట అవుతాయని ఆయన అనుభవం. చెప్పాక కూడా అక్కడే ఉండేవాడు. ఎవరో ఒకరు అడుగుతారని ఆయనకు తెలుసు.

“ఎవురు చెప్పినారు తలారీ?”

“మునసబు చెప్పినాడు. నిన్న ఉరవకొండ నుంచి కాగితం వచ్చిండాది.”

“మా బిడ్డకు జరముంది. ఏపీయొచ్చునా?”

“అది నాకు తెల్దమ్మా. రేపు ఆయప్పనే అడుగుదాం, బిడ్డనెత్తుకోని రా.”

ఇది 1960ల నాటి మాట. నేను ఆయన వెనకాల తప్పెట సంచి మోస్తూ నడిచిన పిల్లవాణ్ణి. తర్వాత చదువుకుని తెలుగు పంతుల్నయ్యాను. హైస్కూళ్లలో 30 ఏళ్లు వ్యాకరణం చెప్పి, రిటైరై ఊరికి వచ్చేశాను. 2020లో కరోనా వచ్చి, ఊళ్లో ప్రతి చేతిలోని ఫోనూ రోజంతా తప్పెటలా మోగుతున్నప్పుడు నాకు మా తాత మాటే గుర్తొచ్చింది. ఊరందరి ముందూ నిలబడి “నాకు తెల్దమ్మా” అనగలిగిన మనిషి ఆయన. ఆ ఫోన్లలో వచ్చిన వేల మాటల్లో ఆ ఒక్క మాట నాకు ఎక్కడా కనిపించలేదు.

మా వజ్రకరూరు గుంతకల్లుకూ ఉరవకొండకూ మధ్య ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడాది అనుకునే జిల్లా మాది. వేరుశనగ వేస్తే వాన రాదు, వాన వస్తే వేరుశనగ ఉండదు. పేరులోనే వజ్రం ఉంది కాబట్టి బయటివాళ్లకు మా ఊరంటే వజ్రాలే. నేల అడుగున కింబర్లైట్ గొట్టాలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. జియలాజికల్ సర్వే వాళ్ల కింబర్లైట్ మ్యూజియం కూడా ఊళ్లో ఉంది. తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో తలవంచుకుని తిరుగుతారు.

వజ్రాల సంగతి ఎందుకు ఎత్తానంటే, గాలిమాటను పరీక్షించడం మా ఊరివాళ్లకు కొత్త కాదు. ప్రతి వానాకాలం ఫలానా చోట పెద్ద వజ్రం దొరికిందని ఒక కబురు పుడుతుంది. మా ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని వెంటనే నమ్మరు, వెంటనే కొట్టిపారేయరు. మూడు ప్రశ్నలు వేస్తారు. ఎవరికి దొరికింది? ఏ చేన్లో? ఎవరు కొన్నారు? మూడింటికీ జవాబు వస్తే కబురు నిలబడుతుంది. “ఎవరికో దొరికిందంట, ఎవరో కొన్నారంట” అని రెండు “అంట”లు వినబడితే నవ్వి ఊరుకుంటారు. మెరిసే రాయి దొరికినా అంతే. ముందు ఊళ్లో రాయి తెలిసిన మనిషికి చూపిస్తారు. ఆయన వెలుతురులో తిప్పి చూసి, రంగురాయి అని చేతిలో పెడితే, ఏడ్చుకుంటూనైనా ఒప్పుకుంటారు.

రాయి విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్న ఊరు రోగం విషయంలో ఎందుకు మోసపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను ఈ సీమలో వెనకటి రోగాల కథలన్నీ తిరగేశాను.

మొదట కలరా. థామస్ మన్రో పేరు మా ప్రాంతంలో తెలియనివాళ్లు తక్కువ. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టర్. తర్వాత మద్రాసు గవర్నర్. ఆయన మీద ఇష్టంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. పదవి దిగిపోయే ముందు ఈ సీమను ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జులై 6న మాకు ఉత్తరాన ఉన్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, కొన్నేళ్ల తర్వాత అస్థికలను మద్రాసుకు తీసుకుపోయారు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో తోపు పెంచి మెట్లబావి కట్టించారు.

ఆ రోజు గవర్నరు గుడారంలో ఉన్న దొరల వైద్యుడికి తెలిసింది, పక్కపల్లెలో మారెమ్మకు నీళ్లు పోస్తున్న ముసలమ్మకు తెలిసింది ఒక్కటే. ఇద్దరికీ రోగం ఎలా వస్తుందో తెలియదు. కలరా నీళ్లతో వస్తుందని లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపు దగ్గర చూపించింది 1854లో. దాని క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించింది 1880లలో. తెలియని రోగం ముందు చదువుకున్నవాడూ చదువులేనివాడూ ఒకే వరుసలో నిలబడతారని మన్రో చావు చెబుతుంది. 2020 మార్చిలోనూ ప్రపంచమంతా అదే వరుసలో నిలబడింది. మామూలు జనానికి మాస్కు అవసరమా కాదా అన్న విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 జూన్‌లో తన సలహా మార్చుకోవలసి వచ్చింది. మార్చుకోవడం తప్పు కాదు. శాస్త్రం అలాగే నడుస్తుంది. కానీ “నిన్న తెలియదు, ఇవాళ తెలిసింది” అని ఊరికి అర్థమయ్యేలా చెప్పే మనిషి లేకపోతే, జనానికి అది మాట మార్చినట్టే కనిపిస్తుంది.

తర్వాత ప్లేగు. 1896లో బొంబాయిలో మొదలై, బళ్లారి వైపు నుంచి ఈ సీమకూ పాకింది. 1897 ఫిబ్రవరిలో తెల్లదొరల సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. రైళ్లలోంచి జనాన్ని దించి చంకలు తడిమి చూశారు. మద్రాసు రాష్ట్రంలో రోగమున్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ప్లేగు పాస్‌పోర్టులిచ్చి, అధికారి ముందు హాజరు కమ్మన్నారు. హుకుములు బెదిరింపుల్లో వచ్చాయి. సర్కారు మాట అర్థం కానిచోట గాలిమాట పుట్టింది. ఉత్తరాదిలో అయితే టీకా సూది గజం పొడవుంటుందని, పొడిస్తే అక్కడికక్కడే పోతారని చెప్పుకున్నారు. మా పల్లెల్లో జనం తమకు తెలిసిన పని చేశారు. ఎలుకలు రాలగానే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. మా అవ్వ ఆ కథను తన అత్త నోట విన్నది. “ఎలక పడితే ఎవురూ చెప్పాల్సిన పన్లేదు నాయనా, మూట కట్టేది, ఊరి బయటికి నడిచేది” అనేది. ఆ మాట ఆమెకు ఏ కాగితమూ నేర్పలేదు. కళ్లముందు కనిపించే గుర్తు, చేతనయ్యే పని రెండూ అందులో ఉన్నాయి. అందుకే అది రెండు తరాలు నోట నిలిచింది.

గమనించండి, 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ సర్కారు కరోనా నిబంధనలు తెచ్చింది కూడా ఆ 1897 చట్టం కిందే. చట్టానికి 123 ఏళ్లు నిండాయి. చట్టాన్ని ఊరికి చెప్పే భాష మాత్రం పెద్దగా ఎదగలేదు.

ఇక అమ్మవారు. మశూచిని మా ఇళ్లలో రోగం అనకూడదు, అమ్మ వచ్చింది అనాలి. అమ్మ వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ మండలు చూస్తే బిచ్చగాడు కూడా ఆ గడప తొక్కడు. ఇంట్లో తాలింపు వేయరు. చాకలికి బట్టలు వేయరు. చుట్టాలు రారు, ఇంట్లోవాళ్లు ఇంకో ఇంటికి పోరు. పొక్కులు మాడి చెక్కు రాలాక వేపాకు, పసుపు నీళ్లతో తలకు పోసి అప్పుడు బయటికి తెస్తారు. భక్తి అన్నా, భయం అన్నా, రోగిని విడిగా ఉంచే పద్ధతి అందులో నిండుగా ఉంది. లోటు ఒక్కటే. అమ్మకు కోపం వస్తుందని టీకా వద్దనేవాళ్లు. నేనూ నా తోటి పిల్లలూ టీకాలాయప్ప వస్తున్నాడంటే జొన్నచేన్లో దాక్కున్నాం. మా తాతే నన్ను చెవి పట్టుకుని తీసుకొచ్చి, అందరికన్నా ముందు నా చెయ్యి చాపించాడు. “నా మనవడికి ఏపిస్తాండా. మీరు చూసినాకనే మీ బిడ్డల్ని తెండి” అన్నాడు. ఆ రోజు పడిన గుండ్రటి మచ్చ ఇప్పటికీ నా ఎడమ చేతి మీద ఉంది.

దేశంలో ఆఖరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది. 1977లో దేశానికి మశూచి పీడ వదిలిందని ప్రకటించారు. ఆ గెలుపులో టీకా మందు ఎంత ఉందో, బొమ్మ అంత ఉంది. ముఖం నిండా పొక్కులున్న పసిబిడ్డ ఫొటో అట్టను పట్టుకుని ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, “ఇట్లాంటి బిడ్డ ఎక్కడైనా ఉందా?” అని అడిగారు. చూసి చెప్పినవాళ్లకు బహుమతి ఇస్తామన్నారు. అక్షరం రాని మనిషి కూడా ఆ అట్టను చదవగలడు.

అక్షరం సంగతికి వద్దాం, అది నా వృత్తి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్ర విషయాలను తెలుగులోకి తెచ్చారు. వాళ్లకోసం ఆచంట లక్ష్మీపతి అంటువ్యాధుల మీద పుస్తకం రాశారు. ఎంత గొప్ప పనో చెప్పలేను. కానీ 1911 జనాభా లెక్కల్లో దేశంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి ఆరుగురు. ఆ ఆరుగురికీ గ్రాంథిక భాష అడ్డం. సరిగ్గా ఆ ఏళ్లలోనే గిడుగు రామమూర్తి పంతులు, జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో ఉండాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలు వేస్తున్నాం. కథల్లో, పత్రికల్లో ఆయన గెలిచారు. సర్కారు కాగితంలో ఇంకా గెలవలేదు.

మా మండలంలోనే ఉన్న కొనకొండ్లను జైన ఆచార్యుడు కుందకుందుడి ఊరని చెబుతారు. ఆయన తన తత్వాన్ని సంస్కృతంలో కాదు, ప్రాకృతంలో రాశాడు. పెద్ద విషయాన్ని పండితుల భాష దాటించి చెప్పాలన్న ఆలోచన ఈ నేలకు అంత పాతది. మా పిల్లలకు కొనకొండ్ల గుట్ట చూపించినప్పుడల్లా ఈ మాట చెప్పేవాణ్ణి.

ఇక 2020. ఫిబ్రవరిలో మొదట వచ్చిన గాలిమాట కోడి మీద. చికెన్ తింటే కరోనా అని ఫోన్లలో తిరిగి, కోళ్ల ఫారాలవాళ్లు నిలువునా మునిగారు. హైదరాబాదులో మంత్రులే సభ పెట్టి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఆ నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ‘ఇన్ఫోడెమిక్’ అని పిలిచింది. రోగంతోపాటు సమాచారం కూడా మహమ్మారిలా వ్యాపిస్తోందని, అందులో నిజమేదో ఏరుకోలేక జనం అల్లాడుతున్నారని దాని అర్థం. ఏప్రిల్ మొదట్లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో ఉమ్మెత్త గింజల రసం తాగి పదిమంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త కాయ ముళ్లతో కరోనా బొమ్మలా ఉంటుంది కాబట్టి అదే మందని ఒక టిక్‌టాక్ వీడియో చెప్పిందట. ఉమ్మెత్త విషమని తెలియని పల్లె మన సీమలో లేదు. తాతల నాటి ఎరుకను ఒక నిమిషం వీడియో తుడిచేసింది.

నా తప్పు కూడా ఇక్కడ రాయాలి. మార్చి చివరి వారంలో, పావుగంటకోసారి గోరువెచ్చని నీళ్లు తాగితే గొంతులోని వైరస్ కడుపులోకి దిగి చచ్చిపోతుందన్న మెసేజ్ నాకు వచ్చింది. కింద ఒక పెద్ద డాక్టరు పేరుంది. వాక్యాలు చక్కగా ఉన్నాయి, ఒక్క అక్షరదోషం లేదు. తెలుగు పంతులుకు అంతకన్నా ఏం కావాలి? నా పాత విద్యార్థుల గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో బళ్లారిలో నర్సుగా పనిచేస్తున్న ఒక అమ్మాయి అడిగింది. “సార్, ఇది ఎవరు చెప్పారు?” మా తాత తప్పెట ముందు ఊరి ఆడవాళ్లు అడిగిన ప్రశ్న అది. నా దగ్గర జవాబు లేదు. అందరికీ క్షమాపణ చెప్పి తీసేశాను. అప్పటికే దాన్ని ఎంతమంది ముందుకు పంపారో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అబద్ధం తప్పుల తడకగా వస్తుందని, నిజం శుద్ధంగా వస్తుందని 30 ఏళ్లు నమ్మిన మనిషిని నేను. ఆ ఏడాది దానికి తలకిందులుగా జరిగింది. అబద్ధాలు అమ్మ మాట్లాడినంత తేటగా వచ్చాయి. నిజం గ్రాంథికంలో వచ్చింది.

అది ఎలా వచ్చిందో చూపిస్తాను. ఏప్రిల్‌లో మా వీధిలో పంచిన ఒక కరపత్రంలో ఇలాంటి వాక్యం ఉంది: ‘వ్యాధి లక్షణములు గల వ్యక్తులు స్వీయ నిర్బంధం పాటిస్తూ సమీప ఆరోగ్య కేంద్రమును సంప్రదించవలసిందిగా కోరడమైనది.’ పక్కింట్లో ఆరో తరగతి పాప ఉంది. మా అరుగు మీద దూరంగా కూర్చోబెట్టి చదివించాను. ‘లక్షణములు గల’ దగ్గర ఒకసారి, ‘స్వీయ నిర్బంధం’ దగ్గర రెండుసార్లు ఆగింది. గడప లోపల వింటున్న వాళ్ల అవ్వ అడిగింది. “నిర్బంధమంటే పోలీసోళ్లు పట్టకపోయేదే గదా సామీ? జరమొచ్చిందని చెప్తే పట్టకపోతారా?”

ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. నిఘంటువు ఆమె వైపే ఉంది. ఆ ఒక్క మాట వల్ల ఎన్ని ఇళ్లలో జ్వరాన్ని దాచి ఉంటారో ఆలోచించండి.

ఇంగ్లీషులో ఒక రాత ఎంత సులభమో కొలవడానికి లెక్కలున్నాయి. రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన 1948లో చేసిన లెక్క అందరికన్నా పేరుపొందింది. వాక్యంలో ఎన్ని మాటలు, మాటలో ఎన్ని అక్షరధ్వనులు అని చూస్తుంది. రోగులకిచ్చే రాత ఆరో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా ఉండాలని అమెరికా వైద్య సంఘాలు చెబుతాయి. కరోనా కాలంలో ఇంటర్నెట్‌లోని ఆరోగ్య సమాచారాన్ని పరీక్షించినవాళ్లు చాలావరకు ఆ హద్దు దాటిపోయిందనే తేల్చారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు. ‘వెళ్లకూడదనుకుంటున్నారా’ అన్నది మనకు ఒక్క మాటే, చిన్నపిల్లకూ అర్థమవుతుంది. ‘సంక్రమణ’ నాలుగే అక్షరాలు, డిగ్రీ చదివినవాడూ తడబడతాడు. తెలుగులో కష్టం పొడవులో లేదు, పరిచయంలో ఉంది. కాబట్టి మనకున్న కొలబద్ద ఒక్కటే. ఆరో తరగతి పాపతో చదివించాలి, వాళ్ల అవ్వతో వినిపించాలి, అవ్వ ఏమడుగుతుందో వినాలి. 2011 లెక్కల ప్రకారం మా జిల్లాలో అక్షరాస్యులు నూటికి 64 మందికి లోపే. ఆడవాళ్లలో సగం పైచిలుకు మాత్రమే. తండాల్లో ఇంటిభాష లంబాడీ, సరిహద్దు పల్లెల్లో కన్నడం. వీళ్లందరికీ కాగితం చేరాలంటే దానికి ఒక నోరు కావాలి.

పాప కరపత్రం చదివిన సాయంత్రమే నేనూ ఆశా కార్యకర్తా, మా వీధి వాలంటీరు కుర్రవాడూ కూర్చున్నాం. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక సుమారు 50 ఇళ్లకొక వాలంటీరు ఉండేవాడు. ప్రతి ఇంటి తలుపూ అతనికి తెలుసు. కరపత్రాన్ని మా ఊరి మాటలోకి తిరగరాశాం. ‘స్వీయ నిర్బంధం’ తీసేసి, “వేపమండ కట్టిన ఇల్లు మాదిరి పద్నాలుగు దినాలు” అని రాశాం. ముసలివాళ్లకు ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ‘పాజిటివ్’ దగ్గర పెద్ద చిక్కొచ్చింది. పాజిటివ్ అంటే మంచిదని, నెగటివ్ అంటే చెడ్డదని సినిమాల వల్ల, టీవీల వల్ల అందరికీ ఎక్కిపోయింది. మా వీధిలో ఒకాయన నెగటివ్ వచ్చిందని విని ఏడుస్తూ కూర్చున్నాడు. “రోగం ఉంది, రోగం లేదు” అని రాశాం. రెండు మాటలు చాలు.

చేతులు కడగడం దగ్గర నేను నేర్చుకున్నది ఎక్కువ. ‘ప్రవహించే నీటిలో 20 సెకన్లు’ అని కాగితం. సత్యసాయి తాగునీటి పథకం 1990ల్లో వచ్చి జిల్లాలో 700 పైగా ఊళ్ల కష్టం తీర్చిన మాట నిజమే. అయినా ఎండాకాలంలో బిందె విలువ మా ఆడవాళ్లకు తెలుసు. కొళాయి వదిలిపెట్టి 20 లెక్కపెట్టమంటే ఎవరు వింటారు? ఆశా కార్యకర్త చెంబు తెచ్చి నాకు చేసి చూపించింది. దోసెడు నీళ్లతో తడిపింది. చెంబు పక్కన పెట్టింది. సబ్బు రాసి, వేళ్ల సందులు, గోళ్లు, బొటనవేలు రుద్దుతూ ఇరవై లెక్కపెట్టింది. అప్పుడు మిగిలిన నీళ్లతో కడిగింది. చెంబు ఖాళీ కాలేదు, అడుగున ఇంకా నీళ్లున్నాయి. “రుద్దేటప్పుడు నీళ్లు అక్కర్లేదు సార్” అంది. ఆ ఒక్క వాక్యం ఏ కరపత్రంలోనూ లేదు. మా కాగితంలో మొదటి వాక్యం అదే అయింది.

పంచాయతీ ట్రాక్టరుకు మైకు కట్టారు. రికార్డు చేసిన మాటలు వేసుకుంటూ ఆగకుండా పోతోంది. డ్రైవరును బతిమాలి, మలుపు మలుపుకీ ఇంజను ఆపించాను. మాస్కు కట్టుకుని నేనే చెప్పాను. రోజుకు ఒక్క సంగతి. చెప్పాక ఎదురుచూపు. మొదటి రెండు రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. మూడో రోజు నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. మజ్జిగ తాగొచ్చునా? కూలికి పోతే ఎంత దూరం నిలబడాలి? బెంగళూరు నుంచి కొడుకు నడిచి వస్తున్నాడు, ఇంట్లోకి రానిచ్చేదా? తెలిసినవి చెప్పాం. తెలియనివి రాసుకుని 104కు, పీహెచ్‌సీకి ఫోన్ చేసి మరుసటి రోజు చెప్పాం. ఊరి పొలిమేరలో కుర్రవాళ్లు అడ్డం వేసిన ముళ్లకంప ఆ ప్రశ్నల వల్లే తొలగింది. ఆ కొడుకు బడి గదిలో పద్నాలుగు దినాలుండి ఇంటికి పోయాడు.

ఇంత చేసినా 2021 మే నెలను ఆపలేకపోయాం. మా చిన్నాయన కొడుకు వేరే పట్నంలో ఉండేవాడు. నాకన్నా ఐదేళ్లు చిన్న. ఊపిరి అందడం లేదని వేలికి మిషను పెట్టి చూసుకుంటే 88 వచ్చింది. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పోవాలన్నది అప్పటికే సర్కారు చెప్పిన మాట. కానీ అతని ఫోన్లో ఇంకో మాట ఉంది. కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని. రెండు రోజులు ఆ మూట పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు పోతే ఎక్కడా మంచం దొరకలేదు. శవం ఊరికి రాలేదు. ఆ మూట మాత్రం మరదలు దాచింది. ఏడాది తర్వాత నాకు చూపించి, “ఇది ఎవరు పంపినారో పేరు తెలిస్తే బాగుండు బావా” అంది. ఎవరో పేరులేని మనిషి. పేరులేని మనిషిని పట్టుకుని ఏ ఊరూ ప్రశ్న వేయలేదు.

అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలమంది పరుగెత్తారు. అక్కడ ఆనందయ్య అనే ఆయన ఇస్తున్న కరోనా మందు కోసం. వాళ్లను నేను తప్పుపట్టలేను. ఒక మనిషి ఎదురుగా కనబడుతున్నాడు, డబ్బు అడగడం లేదు, మన భాషలో మాట్లాడుతున్నాడు. కంట్లో చుక్కలతో కోలుకున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. కొద్దిరోజులకే ఆయన చనిపోయారు. ఆ కబురు వీడియో వెళ్లినంత దూరం వెళ్లలేదు. మే 31న సర్కారు కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతి ఇచ్చింది. అది ఏ రోగాన్ని ఎంతవరకు తగ్గిస్తుందో తేల్చే రుజువు మాత్రం జనం చేతికి అందలేదు. మంచి మనసూ తేట మాటా ఉన్నంత మాత్రాన మందు పనిచేసినట్టు కాదు. రాయి మెరిసినంత మాత్రాన వజ్రం కానట్టే.

మరోపక్క, పనిచేసే టీకా కోసం పేరు నమోదు చేసుకునే కోవిన్ వెబ్‌సైట్‌లో తెలుగు కనిపించింది 2021 జూన్‌లో. టీకాలు మొదలైంది జనవరి 16న. అంటే దాదాపు ఐదు నెలలు అది ఇంగ్లీషు వచ్చినవాళ్ల తలుపు. టీకా వేసుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని ఒక ఫ్రాన్స్ శాస్త్రవేత్త పేరు పెట్టి పుట్టించిన అబద్ధం మాత్రం తేట తెలుగులోనే వచ్చింది. అది తప్పని కేంద్ర ప్రభుత్వం వెంటనే ప్రకటించింది. ఆ ప్రకటన మా అవ్వల దాకా రాలేదు.

మా ఊళ్లో నేను మా తాత చేసిన పనే చేశాను. టీకా రోజున బడి ముందు అరుగు మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, 1960ల నాటి గుండ్రటి మచ్చ చూపించాను. నా వయసువాళ్లందరికీ ఆ మచ్చ ఉంది. ఒక్కొక్కరూ తమ మచ్చ తడిమి చూసుకున్నారు. “అప్పుడు కూడా పోతామనే అన్నారు. పోయిందెవురు? పోయింది అమ్మోరే గదా?” అన్నాడు నా ఈడు రైతు ఒకాయన. నేను చెప్పాలనుకున్నది ఆయనే చెప్పాడు. ఆ రోజు అందరికన్నా ముందు చెయ్యి చాపింది ఆయనే.

ఇంకో మహమ్మారి ఎప్పుడో వస్తుంది. అప్పటికి ఫోన్లు ఇంకా తెలివిమీరి ఉంటాయి. నా కోరిక పెద్దది కాదు. ఆరోగ్యం గురించి సర్కారు అచ్చువేసే ప్రతి కాగితాన్నీ, పంపే ప్రతి మెసేజ్‌నూ ముందు ఒక ఆరో తరగతి పాపతో చదివించాలి. అది ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో మొదటి వాక్యంలో ఉండాలి. తెలియనిది తెలియదని రాయాలి. అడగడానికి ఊళ్లోనే ఒక మనిషి ఉండాలి. వజ్రం కబురుకు వేసే మూడు ప్రశ్నలు రోగం కబురుకూ వేయడం మన బడుల్లో నేర్పాలి.

మొన్న ఎండాకాలంలో వడదెబ్బ జాగ్రత్తలు చెప్పమని వాలంటీరుగా పనిచేసిన ఆ కుర్రవాడే నన్ను పిలిచాడు. ఈసారి మైకు వద్దన్నాను. అటకమీది తప్పెట దింపి, మంట దగ్గర వెచ్చజేసి, మూడు దెబ్బలు కొట్టి ఆపాను. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క సంగతి చెప్పాను. ఎండలో పనికి పోయేవాళ్లు దాహం కాకముందే నీళ్లు తాగాలని. చెప్పి నిలబడ్డాను. పక్కింటి అవ్వ గడప మీద నుంచి అడిగింది.

“దప్పి కాకముందే తాగాలని ఎవురు చెప్పినారు సామీ?”

“పీహెచ్‌సీ డాక్టరమ్మ చెప్పింది అవ్వా, నిన్న. నేనే పోయి అడిగొచ్చిన.”

“గుండెజబ్బుకు మాత్రలేసుకునేవోళ్లు గూడా అన్ని నీళ్లు తాగొచ్చునా?”

“అది నాకు తెల్దవ్వా. రేపు కనుక్కోనొచ్చి చెప్తా” అన్నాను.